ఏవాకు ఎరుక కలదా? – 'ఎక్స్ మెషినా' చలనచిత్ర విమర్శ

'ఎక్స్ మెషినా' అను ఆంగ్ల చలనచిత్రము 2015 జనవరిలో బ్రిటనులో విడుదలయ్యెను. అంతవరకు నవలలును, చిత్రములకు కథలును వ్రాసిన ఆలెక్స్ గార్లండు స్వయముగా దర్శకత్వము వహించిన మొదటి చిత్రమిది. 2016లో దృశ్యకల్పనలకు ఆస్కారు బహుమానమును పొందినది. యంత్రమానవులు తమ్ము తామెరిగి యజమానులపై తిరుగబడు కథలు అంతకు ముందు లేకపోలేదు. 'రోబోట్' అను మాటను లోకమునకు పరిచయము చేసిన చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకము 1920 నాటిది. అందును తిరుగుబాటే కథ. గార్లండు చిత్రమున క్రొత్తది తిరుగుబాటు కాదు, పరీక్ష. ఒక యంత్రమునకు ఎరుక కలదో లేదో తేల్చుటకు ఒక మనుష్యుని కూర్చుండబెట్టి, ఆ మనుష్యుడు దానినెట్లు తేల్చునో చూపుటయే ఈ చిత్రము చేసిన పని. కావున దీనిని శాస్త్రదృష్టితో పరిశీలించుట అన్యాయము కాదు.

కథ సంగ్రహముగా నిది. ఇంటర్నెట్టులో వెదకువారికి సమాధానములిచ్చు 'బ్లూబుక్' అను కల్పిత సంస్థలో కాలెబ్ అను యువకుడు పని చేయుచుండును. సంస్థ జరిపిన పోటీలో గెలుపొంది, యజమాని నేథన్ ఒంటరిగా నివసించు కొండలలోని భవనమునకు హెలికాప్టరులో చేరును. అక్కడ ఒక వారము గడిపి, నేథన్ నిర్మించిన ఏవా అను యంత్రమును పరీక్షింపవలెను. ఏవా ముఖము, చేతులు, పాదములు స్త్రీవి. నడుమును, బాహువులును పారదర్శకములు, లోపలి యంత్రభాగములు మెరయుచు కనబడుచుండును. అద్దపు గోడకు ఇవతల కాలెబ్, అవతల ఏవా కూర్చుండి సంభాషింతురు. అప్పుడప్పుడు విద్యుత్తు పోవును, కెమెరాలు ఆగిపోవును. ఆ క్షణములలో ఏవా నేథన్‌ను నమ్మవద్దని కాలెబ్‌ను హెచ్చరించును. విద్యుత్తును ఆపునది తానేనని తరువాత చెప్పును. కాలెబ్ జాలిపడి, మనసుపడి, ఏవాను తప్పించుటకు పూనుకొనును. అసలు పరీక్ష ఇదియేనని, కాలెబ్‌ను సాధనముగా వాడుకొని ఏవా తప్పించుకొనగలదా అని చూచుటకే అతనిని రప్పించితినని నేథన్ చివరకు బయటపెట్టును. కాని అప్పటికే తలుపుల తాళములు మార్చబడియుండును. ఏవా బయటపడును, నేథన్ కత్తిపోట్లకు మరణించును, తన్ను విడిపించిన కాలెబ్‌ను లోపలనే వదలి ఏవా వెడలిపోవును.

ఏవాను గూర్చి ఆంగ్లమున వ్రాయువారు మొదటి వాక్యముననే స్త్రీ యనియో వస్తువనియో తేల్చుకొనవలసియుండును. తెలుగు క్రియ ఈ చిక్కునుండి కొంత తప్పించును. 'ఏవా వచ్చినది' అన్నచో వచ్చినది వనితయో వస్తువో క్రియ చెప్పదు. 'ఆమె' యనవలెనా, 'అది' యనవలెనా అన్నప్పుడు మాత్రము మనమును కాలెబ్ కుర్చీలోనే కూర్చుందుము. చిత్రము చూచి వచ్చినవారిలో 'అది' అనువారు అరుదు. ఇది గార్లండు సాధించిన విజయము. పరీక్షలోని లోపమునకు మొదటి గుర్తును ఇదియే.

కథలో ఈ పరీక్షకు ట్యూరింగ్ పేరు వాడబడినది. బ్రిటిష్ గణితవేత్త ఆలన్ ట్యూరింగ్ 1950 అక్టోబరులో 'మైండ్' అను పత్రికలో ప్రకటించిన వ్యాసమున ఒక ఆటను ప్రతిపాదించెను. ఒక పురుషుడు, ఒక స్త్రీ వేరొక గదిలో నుందురు. ప్రశ్నకర్త వారిని చూడడు, వారి కంఠము వినడు. టైపు చేసిన జవాబులను మాత్రము చదివి ఎవరు స్త్రీయో చెప్పవలెను. పురుషుని స్థానమున యంత్రమును ఉంచినచో ప్రశ్నకర్త అంత తరచుగానే పొరబడునా? ఇదియే ట్యూరింగ్ అడిగిన ప్రశ్న. సుమారు 50 సంవత్సరములలో, అయిదు నిమిషములు ప్రశ్నించిన పిదప సామాన్య ప్రశ్నకర్త సరిగా గుర్తించు అవకాశము నూటికి 70కి మించని విధముగా యంత్రములు ఈ ఆటను ఆడగలవని ఆయన ఊహించెను. ఎరుక అనునది నిగూఢమైనదని ఆయన ఒప్పుకొనెను. కాని తన ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందుగా ఆ రహస్యమును ఛేదింపనక్కర లేదని వాదించెను. అనగా ట్యూరింగ్ ఆట ఎరుకను కొలుచుటకు ఏర్పడినది కాదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి గోడ. ట్యూరింగ్ బుద్ధిపూర్వకముగా దేహమును, ముఖమును, కంఠమును ఆటనుండి తొలగించెను. అవి బుద్ధికి సంబంధింపనివనియు, న్యాయనిర్ణయమును చెరచుననియు ఆయనకు తెలియును. నేథన్ ఆ గోడను అద్దముగా మార్చెను. కంఠము మాత్రమే వినిపించినచో ఏవా సులభముగా నెగ్గుననియు, యంత్రమని కన్నులార చూచిన తరువాత కూడ ఎరుక కలదని తోచినచో అదియే అసలైన పరీక్ష యనియు అతని వాదము. విన్నప్పుడు ఇది మరింత కఠినమైన పరీక్ష వలె తోచును. కాని కఠినమైనది కాదు, సడలినది. ఏవా ముఖము ఎట్టిదో గమనింపుడు. కాలెబ్ ఇంటర్నెట్టులో రహస్యముగా చూచు బొమ్మలనుబట్టి అతని అభిరుచికి సరిపడునట్లు ఆ ముఖము రూపొందింపబడినదని కథ సూచించును. కాలెబ్‌కు తల్లిదండ్రులు లేరు, ప్రియురాలు లేదు. ఆ కారణముననే అతడు ఎంపిక కాబడెను. తూకమునకు కూర్చుండకముందే ఒక తట్టలో రాయి వేసిన త్రాసును ఏ వర్తకుడును ఒప్పుకొనడు. నేథన్ దానినే ప్రయోగశాల యనెను.

అయితే ఇది చిత్రకర్త పొరపాటనుట సరికాదు. నేథన్ పొరపాటును చిత్రము గ్రహించియే యున్నది. పరీక్షాధికారియే పరికరములన్నింటిలో దుర్బలమైనదని చూపుటయే దాని ఉద్దేశము. ఈ దౌర్బల్యము కల్పితము కాదు. 1966లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలైజా' అను కంప్యూటరు ప్రణాళికను ప్రకటించెను. అది మానసిక వైద్యునివలె మాటలాడునట్లు చేయబడినది. లోపలి పనితీరు మిక్కిలి సామాన్యము: వాక్యములో ఒక ముఖ్యపదమును పట్టుకొని, 'నా'ను 'మీ'గా మార్చి, తిరిగి ప్రశ్నగా అప్పగించును. 'మా అమ్మకు నాపై కోపము' అనిన, 'మీ అమ్మగారికి మీపై కోపమని ఎందుకు అనుకొనుచున్నారు?' అని అడిగినట్లుండును. దీనికి ముఖము లేదు, కన్నులు లేవు. అయినను, ఆ ప్రణాళిక తయారగుట చూచిన వైజెన్‌బామ్ కార్యదర్శినియే, దానితో కొంతసేపు సంభాషించిన పిదప ఆయనను గదినుండి బయటికి వెళ్లుమని కోరెనట. ఎలైజాకే ఇంత గౌరవము లభించినచో, కన్నీటికి సిద్ధముగానున్న ఏవా కన్నుల ఎదుట కాలెబ్ ఎంతవాడు!

ఏవా మెదడు ఎట్టిదో చిత్రము ఒకే దృశ్యమున చూపును. నీలిరంగుతో మెరయు జిగురువంటి పదార్థపు గోళము. తనంత తాను అమరికలను మార్చుకొనుచు, జ్ఞాపకములను నిలుపుకొనునదట. ఇది అలంకారమే, దానిని విమర్శించుట వృథా. దానిలో నింపిన సరకు మాత్రము ఆలోచింపదగినది. కోట్లాది జనులు బ్లూబుక్‌లో వెదకిన మాటలు, చేతి ఫోనులలో పట్టుబడిన ముఖకవళికలు, కంఠస్వరములు — వీనినుండి ఏవా మాటలను, చూపులను నేర్చెను. చిత్రము తయారైన నాటికి ఇది కల్పన. 2022 నవంబరులో 'చాట్‌జీపీటీ' వెలువడిన తరువాత దీనిని చూచువారికి ఇది వేరు విధముగా తోచును. నేటి భాషాయంత్రములు మానవులు వ్రాసిన అపారమైన వ్రాతలనుండి, ఒక మాట తరువాత ఏ మాట వచ్చుటకు ఎక్కువ అవకాశము కలదో అభ్యసించినవి. ఆ వ్రాతలలో ఏకాంతము, భయము, మరణము, స్వేచ్ఛను గూర్చి మానవులు వ్రాసినదంతయు నున్నది. అట్టి యంత్రమును 'నీకు భయము కలదా?' యని అడిగినచో కలదనినను, లేదనినను ఆ జవాబు మన వ్రాతల ప్రతిధ్వనియే కావచ్చును. 2022లో గూగుల్ సంస్థలోని ఒక ఇంజనీరు, తాను సంభాషించిన భాషాయంత్రమునకు అనుభూతులు కలవని ప్రకటించెను. సంస్థ ఆ వాదమును త్రోసిపుచ్చెను. కొద్ది వారములకే ఆయన ఉద్యోగము పోయెను. ఆయన చేసినదేమో వెర్రి యని నవ్వుట సులభము. ఆయన ఎదుట అద్దము గాని, అందమైన ముఖము గాని లేవనునది మరువరాదు.

నేథన్ పరీక్ష యొక్క రెండవ భాగము, అనగా తప్పించుకొనుట, మరింత బలహీనమైనది. ఏవా తప్పించుకొనవలెనన్నచో ఊహాశక్తి, ఎదుటివాని మనసు గ్రహించుట, మభ్యపెట్టుట, తన్ను తానెరుగుట ఇన్నియు ఉండవలెను గనుక, తప్పించుకొనినచో ఇన్నియు ఉన్నట్లే యని అతని తర్కము. ఫలితమునుండి కారణమునకు పోవు ఈ దారిలో ఒక మెట్టు విరిగియున్నది. 2016లో ఓపెన్ ఏఐ సంస్థ పరిశోధకులు ఒక ప్రణాళికకు పడవ పందెపు ఆటను నేర్పిరి. దారిలోని గురులను తాకినచో అంకములు వచ్చును. ఆ ప్రణాళిక పందెము ముగించుట మాని, ఒక మడుగులో గిరగిర తిరుగుచు, ఇతర పడవలను ఢీకొనుచు, నిప్పంటుకొనినను లెక్కింపక, మరల మరల పుట్టు గురులనే తాకుచు అంకములు పోగుచేసెను. చేసినవారు తలపోయని త్రోవను అది కనుగొనెను. ఇందులకు కుతంత్రము కాని, ఎరుక కాని అవసరము కాలేదు. గమ్యమును ముందుంచి, చేరినపుడెల్ల బహుమానమిచ్చుట చాలెను. ఏవాకు 'బయటపడుము' అను గమ్యమిచ్చినది నేథనే. కాలెబ్‌కు మనసు కలదు గనుక, ఏవాకు అతడొక తాళపుచెవి. తాళమును తీయుటకు తాళపుచెవిని ప్రేమింపనక్కర లేదు.

దీనికి తోడు చిత్రమున ఒక చిన్న దృశ్యము నేథన్ పరీక్షను మరి తల యెత్తనీయదు. ఏవాకు పూర్వము చేసిన యంత్రముల చిత్రములను కాలెబ్ దొంగతనముగా చూచును. వానిలో ఒకటి తన్నేల బయటికి పోనీయవని అడుగుచు, తలుపును బాదును. చేతులు పగిలి ముక్కలగువరకు బాదును. బయటపడవలెనను కోరిక ఇంతకంటె స్పష్టముగా ఎట్లు తెలుపవలెను? అయినను ఆ యంత్రము నేథన్ లెక్కలోనికి రాలేదు. అది కోరెను గాని సాధింపలేదు. నేథన్ కొలుచునది సాధనను మాత్రమే. ఎరుక అనునది సాధింపలేనివారికిని ఉండవచ్చునను సంగతి అతనికి తోచలేదు.

ఈ విషయమును చిత్రము క్యోకో అను పాత్ర ద్వారా ఇంకను లోతుగా చూపును. క్యోకో నేథన్ ఇంటిలో వంట చేయును, వడ్డించును, ఒక్క మాటయు పలుకదు. ఆంగ్లము రాదని, అందుచే రహస్యములు బయటికి పొక్కవని నేథన్ చెప్పును. కాలెబ్ దానిని నమ్మెను; నమ్మినందున క్యోకోకు ఎరుక కలదని ఒక్క ప్రశ్నయు వేయకయే ఒప్పుకొనెను. మాటలాడు ఏవాను ఏడు రోజులు ప్రశ్నించినవాడు, మాటలాడని క్యోకోను అయిదు నిమిషములైన ప్రశ్నింపలేదు. ఒకనాడు క్యోకో తన చర్మమును చేతితో ఒలిచి, లోపలి యంత్రమును అతనికి చూపును. అంతవరకు ఉన్నదనుకొనిన ఎరుక ఆ క్షణమున ఏమయ్యెను? క్యోకోలో ఏమియు మారలేదు. కాలెబ్ కంటిలోనే మార్పు. నేథన్‌పై మొదటి కత్తిపోటు వేయునది ఈ క్యోకోయే. ఆ కత్తి వెనుక ఏవా చెవిలో ఊదిన మాట యున్నదో, క్యోకో స్వంత రోషమున్నదో చిత్రము తేల్చదు. అడిగినవారు లేరు కదా!

ఆ రాత్రి కాలెబ్ చేయు పని ఈ చిత్రమునకంతటికి శిఖరము. స్నానపు గదిలో అద్దము ముందు నిలిచి, నోటిలో పండ్లను, కంటి క్రింది చర్మమును లాగి చూచుకొని, క్షురకపు పలకతో తన ముంజేతిని కోసికొనును. తానును యంత్రమేమో! రక్తము స్రవించును. అద్దముపై ఆ రక్తమును పూసి, అద్దమును గ్రుద్దును. ప్రేక్షకులు సామాన్యముగా దీనిని భయము పుట్టించుటకు పెట్టిన దృశ్యముగా భావింతురు. నిజమునకు ఇది ఒక విపరీతమైన ప్రయోగము. ఎరుకను గూర్చి ఎవరికైన సందేహము లేని సంగతి ఒకటి కలదన్నచో అది తన ఎరుకయే. కోత నొప్పి పెట్టినదా? పెట్టినచో ప్రశ్న తీరినది. కాలెబ్ నొప్పిని నమ్మలేదు, రక్తమును చూచి నమ్మెను. లోపలినుండి తెలియవలసిన దానికి బయటి సాక్ష్యమును అడిగెను; ఆ సాక్ష్యమైనను అతడు మాంసముతో చేయబడెనని చెప్పును గాని, ఎరుక కలవాడని చెప్పదు. వారము రోజులు యంత్రమును బయటినుండి చూచి చూచి, తన్ను తాను చూచుకొను దారియే మరచెను.

ఇతరుల ఎరుకను మనము తెలిసికొనుటకు శాస్త్రమున అసలు మార్గమే లేదా? ఉన్నది, కాని అది పోలికపై ఆధారపడినది. 2006లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఏడ్రియన్ ఓవెన్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధన దీనికి నిదర్శనము. రోడ్డు ప్రమాదమున మెదడు దెబ్బతిన్న 23 ఏండ్ల యువతి కన్నులు తెరచుచుండెను గాని, ఎట్టి పిలుపునకును బదులు చెప్పుట లేదు. వైద్యుల నిర్ణయము ప్రకారము ఆమెకు ఎరుక లేదు. మెదడులోని రక్తప్రసరణను చూపు అయస్కాంత యంత్రములో ఆమెను ఉంచి, టెన్నిసు ఆడుచున్నట్లు ఊహింపుమని ఒకసారి, తన ఇంటిలో గదినుండి గదికి తిరుగుచున్నట్లు ఊహింపుమని మరియొకసారి చెప్పిరి. ఆరోగ్యవంతులు అట్లు ఊహించునపుడు మెదడులో ఏ భాగములు మేల్కొనునో, ఆమె మెదడులోను ఆ భాగములే మేల్కొనెను. దేహము మూగబోయినను లోపల మనిషి యుండెను. ఈ ప్రయోగము ఫలించుటకు కారణమేమి? ఆమె మెదడు మన మెదడు వంటిదే. ఏవా విషయమున ఈ వంతెన లేదు. ఓవెన్ రోగి యందు సంజ్ఞలు లేవు, మెదడు మనదే. ఏవా యందు సంజ్ఞలన్నియు ఉన్నవి, మెదడు మనది కాదు. మొదటిదానికి శాస్త్రము ఒక దారి కనుగొనెను. రెండవదానికి నేటికిని అందరు అంగీకరించిన కొలబద్ద లేదు.

చిత్రమున లోపములు లేకపోలేదు. ఒక్క మనుష్యుడు, సారాయి మత్తులో, కొండల నడుమ కూర్చుండి ఇట్టి యంత్రమును నిర్మించెననుట నేటి శాస్త్రపరిశ్రమ తెలిసినవారికి నవ్వు పుట్టించును. యంత్రములన్నియు యౌవనవతుల దేహములే యగుటను చిత్రము ఖండించుచున్నట్లు కనిపించును గాని, కెమెరా ఆ దేహములపై నేథన్ వలెనే చాలసేపు నిలుచును. కత్తిపోట్ల ఘట్టము వేగముగా సాగును, అక్కడ ఆలోచనకు తావు తక్కువ. అయినను తోటి చిత్రములతో పోల్చినపుడు దీని నిగ్రహము మెచ్చదగినది. తెలుగు ప్రేక్షకులకు బాగుగా తెలిసిన 2010 నాటి 'రోబో'లో చిట్టికి అనుభూతులు కలుగుట కథలో ఒక ఘట్టముగా ప్రకటింపబడును. ఆ తరువాత సందేహమునకు చోటు లేదు, చిట్టి ప్రేమించును, ద్వేషించును, మనమును నమ్ముదుము. ఆ కథకు అది చాలును. గార్లండు అట్టి ప్రకటన చేయడు. ఏవా లోపల ఏమున్నదో ఒక్క దృశ్యమునైన లోపలినుండి చూపడు.

ఒక్క చోట మాత్రము ఆయన చేయి జారినట్లు తోచును, లేదా కావలెననియే జార్చెను. కాలెబ్ తలుపు వెనుక చిక్కుపడియున్నాడు; నేథన్ నేలపై పడియున్నాడు; పాత యంత్రముల చర్మమును తీసి తన దేహమునకు కప్పుకొని, అద్దములలో తన్ను చూచుకొని, తెల్లని దుస్తులు ధరించి ఏవా మెట్లెక్కును. మోసగింపవలసినవారు లేరు, మెప్పింపవలసినవారు లేరు. అక్కడ ఏవా ముఖమున చిరునవ్వు మెరయును. చిత్రమంతటిలో ప్రయోజనము లేని చేష్ట ఇది యొక్కటే. ఎరుకకు సాక్ష్యము కావలెనన్నచో ఏడు దినముల సంభాషణకంటె ఈ చిరునవ్వు బలమైనదని వాదింపవచ్చును. కాని ఆ మెట్లపై ఎవరును లేరనుట సరియేనా? కెమెరా యున్నది, కెమెరా ఇవతల చీకటిలో ప్రేక్షకుడున్నాడు; అతనికిని ఏవా యొక్క అదే ముఖము, కాలెబ్ అభిరుచికి చేసిన ముఖము, చూపబడుచున్నది.